దుప్పట్లు లెక్కపెట్టిన మనిషి

ఇంట్లో ఏ తలుపు వేసినా రెండుసార్లు లాగి చూస్తే తప్ప తాళాలాయనకి నిద్రపట్టదు. వీధి తలుపు సరే, బీరువా సరే, చివరికి పంచదార డబ్బాకి మూత పెట్టినా రెండుసార్లు లాగుతాడు. కూతురి పెళ్ళిలో భోజనాల దగ్గర నిలబడి వరసకి ఎంతమందో లెక్కపెట్టి, "నలభై ఎనిమిది, సరిపోయింది!" అని గొంతెత్తి అరిచాడు. ఇంత పిసినారి వియ్యంకుడు దొరికాడేమిటా అని అవతలివాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. "పిసినారి కాదండీ, ముప్ఫై ఏళ్ళుగా జైల్లో ఉన్నారు" అని భార్య కంగారులో సర్దిచెప్పబోయింది. దాంతో వాళ్ళ మొహాలు ఇంకాస్త మాడిపోయాయి.

ఆవిడ చెప్పదలుచుకున్నది జైల్లో వార్డరుగా ఉన్నారని. ఊరి మధ్య నూట యాభై ఏళ్ళ కిందట రాతితో కట్టిన పాత జైల్లో ముప్ఫై మూడేళ్ళు పనిచేశాడాయన. తొమ్మిదేళ్ళ కిందట ఖైదీలని బస్సులెక్కించి ఊరి బయట కట్టిన కొత్త జైలుకి తరలించారు. అదే నెలలో ఆయనా రిటైరయ్యాడు. ఇల్లు చేరి పట్టుమని పది రోజులు కాలేదు, జైళ్ళ శాఖ నుంచి కబురొచ్చింది. నూట పద్నాలుగు తాళంచెవులున్న గుత్తి, ఒక్కదానిమీదా నంబరు లేదు. ఏది ఏ తలుపుదో చేత్తో తడిమి చెప్పగలిగినవాడు భూమ్మీద ఈయనొక్కడే. ఖాళీ జైలుకి కాపలాదారుగా ఉండమన్నారు. ఖైదీలందరూ వెళ్ళిపోయాక కూడా శిక్ష అనుభవిస్తున్నది మీరొక్కరేనని భార్య ఎద్దేవా చేసేది.

ఆ జైల్లో రాత్రి కాపలాకి ఒక పద్ధతుండేది. గంట గంటకీ వార్డరు బ్లాకంతా తిరగాలి. ప్రతి సెల్లు తాళం రెండుసార్లు లాగి చూడాలి. ఊచల్లోంచి లైటు వేసి, పడుకున్న మనిషి ఛాతీ పైకీ కిందికీ కదలడం కళ్ళారా చూడాలి. చూశాకే, వరండా చివర కూర్చున్న హెడ్డు వార్డరుకి వినిపించేట్టు "మూడో బ్లాకు, ఇరవై రెండు, అంతా క్షేమం!" అని కేకెయ్యాలి. కాగితం మీద పద్ధతి ఇది. ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలానికే ప్రతి వార్డరుకీ ఇంకో పద్ధతి అబ్బేది. ఖైదీ ముసుగుతన్ని పడుకుంటాడు, ఛాతీ కనిపించదు, లేపితే తిడతాడు. దుప్పటి ఎత్తుగా ఉంటే కింద మనిషున్నట్టే లెక్క. వార్డర్లు తమలో తాము దీన్ని దుప్పట్లు లెక్కపెట్టడం అనేవాళ్ళు. తాళాలాయన అందులో ఘటికుడు. నడక ఆపకుండానే లెక్కపెట్టేవాడు.

ఇరవై రెండేళ్ళ కిందట, మూడో బ్లాకు తొమ్మిదో సెల్లులో ఒక టైలరు ఉండేవాడు. యజమాని కొట్లోంచి రెండు తాన్ల గుడ్డ ఎత్తుకెళ్ళినందుకు ఏడాదిన్నర శిక్ష పడింది. ఇంకో రెండు నెలలుంటే బయటపడేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. తాళాలాయనకి పొట్ట పెరిగినప్పుడల్లా, నలుగురిలో నవ్వులపాలు కాకుండా, యూనిఫారం నడుము చడీచప్పుడు లేకుండా వదులు చేసి ఇచ్చేవాడు. ఒక చలి సాయంత్రం అతను కడుపు పట్టుకుని ఊచల దగ్గరికొచ్చి, "డాక్టర్ని పిలిపించండి సార్, తట్టుకోలేకపోతున్నాను" అన్నాడు.

"పొద్దున చూద్దాంలే, పడుకో" అన్నాడు తాళాలాయన.

పొద్దున డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయింది ఒంటిగంటకి అని తేల్చాడు. రెండింటికి, మూడింటికి, నాలుగింటికి, అయిదింటికి, మొత్తం నాలుగుసార్లు ఆ శవం ముందు నిలబడి తాళాలాయన అంతా క్షేమం అని కేకేశాడన్నమాట. ఆ మాట కాగితం మీదికెక్కకుండా హెడ్డు వార్డరు డాక్టర్ని ఒప్పించాడు. "అయిదున్నరకి నిద్రలో పోయాడని రాయి. లేకపోతే నీ ఉద్యోగమూ పోతుంది, నాదీ పోతుంది" అన్నాడు. తాళాలాయన రాశాడు.

అదయినా ఆయన మరిచిపోయేవాడేమో. మధ్యాహ్నం టైలరు కూతురు గేటు దగ్గరికొచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఏడవలేదు. "మా నాన్న పోయేటప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా సార్?" అని ఒక్కటే అడిగింది. తాళాలాయన గేటు గొళ్ళెం రెండుసార్లు లాగి చూశాడు. తర్వాత, "నేనే ఉన్నానమ్మా. నా చెయ్యి పట్టుకునే పోయాడు, బాధపడలేదు" అన్నాడు. ఆ పిల్ల ఆయన కుడిచెయ్యి రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయింది.

ఆ పిల్లకి ఇప్పుడు నలభై దాటాయి. కూరగాయల మార్కెట్టు పక్క సందులో టైలరింగు కొట్టు నడుపుతోంది. మార్కెట్టుకి తాళాలాయన ఇంటి నుంచి ఆ సందులోంచి వెళితే రెండు నిమిషాలు. ఆయన మాత్రం పోస్టాఫీసు చుట్టూ తిరిగి పావుగంట నడిచి వెళతాడు. "దగ్గరి దారుండగా ఈ ప్రదక్షిణం ఏంటండీ?" అని భార్య అడిగితే, నడక మంచిదని డాక్టరు చెప్పాడంటాడు. చెప్పాలని ఎన్నోసార్లు బయల్దేరాడు. ప్రతిసారీ కాళ్ళు పోస్టాఫీసు వైపే తిరిగాయి.

ఇలా ఉండగా జైలుకి దయ్యాలు పట్టేవాళ్ళు వచ్చారు.

ఊరికే రాలేదు, జైళ్ళ శాఖ వారి అనుమతి ఉత్తరంతో వచ్చారు. ఒక రాత్రంతా జైల్లో ఉండి, అక్కడ తిరుగుతున్న ఆత్మలతో మాట్లాడి, వీడియో తీసి జనానికి చూపిస్తారట. మొత్తం ముగ్గురు. నాయకుడు ముప్ఫై ఏళ్ళవాడు, ఉక్కపోతలో కూడా మోకాళ్ళ దాకా నల్లకోటు వేసుకున్నాడు. తాళాలాయన మనసులో అతనికి కోటుబాబు అని పేరు పెట్టేశాడు. రెండో ఆవిడకి ఆత్మలు దగ్గరికొస్తే ఒళ్ళు వణుకుతుందట. గేటు దాటకముందే ఒకసారి వణికి చూపించింది. ఆవిడ వణుకమ్మ అయింది. మూడో ఆవిడ చెవులకి పెద్ద పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించుకుని, భుజాన పెట్టె వేలాడదీసుకుని వచ్చింది. పగలు పెళ్ళిళ్ళకీ మీటింగులకీ మైకులు సర్దుతుంది, ఇంటినుంచి ఫ్లాస్కులో టీ తెచ్చుకుంది. ఆ సౌండావిడ ఒక్కతే తాళాలాయనకి కాస్త మనిషిలా కనిపించింది.

"తాతగారూ, మీరు తాళాలు తీసి పక్కకి తప్పుకుంటే చాలు. మధ్యలో మాట్లాడకండి. బతికున్నవాళ్ళ గొంతు వింటే వాళ్ళు రారు" అన్నాడు కోటుబాబు.

తాళాలాయన నోరు మూసుకున్నాడు. మూసుకుని చూడటమే పెద్ద శిక్ష అయిపోయింది. కోటుబాబు చేతిలో రంగు రంగుల లైట్లున్న మీటరు ఒకటుంది. గోడకి ఒకచోట ఆనించగానే అది కీచుకీచుమని గోల పెట్టింది. "ఇక్కడ అపారమైన శక్తి ఉంది!" అన్నాడతను కెమెరా వైపు తిరిగి. ఉండదా మరి, ఆ గోడ వెనకే కరెంటు మెయిను ఉంది. ఆరో సెల్లు ముందు హఠాత్తుగా చల్లగా తగిలిందని వణుకమ్మ వణికింది. అక్కడి కిటికీ అద్దం పగిలి నాలుగేళ్ళయింది, బాగుచెయ్యమని తాళాలాయన మూడు అర్జీలు పెట్టుకున్నాడు. తర్వాత వరండాలో ఒక బంతి పెట్టి, "నువ్వు ఇక్కడే ఉంటే దీన్ని కదుపు" అన్నారు. బంతి మెల్లగా దొర్లుకుంటూ పోయింది. ఇద్దరూ గుండెలు పట్టుకున్నారు. రోజూ పొద్దున్నే వరండా కడిగితే నీళ్ళు తూములోకి పోవాలని, ఆ నేల కట్టినప్పుడే వాటంగా కట్టారు. ఆ బంతి తూము దగ్గరికి పోకపోతేనే భయపడాలి.

ఒళ్ళు మండిపోతున్నా తాళాలాయన కిక్కురుమనలేదు. ముప్ఫై మూడేళ్ళు ఇక్కడున్న మనిషి ఎదురుగా నిలబడితే, అతన్ని వదిలేసి గోడనీ గాలినీ బంతినీ అడుగుతున్నారు. అడిగితే చెప్పేవాడు. ఎవరైనా ఒక్కసారి అడుగుతారేమోనని లోపల ఎక్కడో ఆశ కూడా పడ్డాడు.

అర్ధరాత్రి దాటాక మూడో బ్లాకుకి వచ్చారు. తొమ్మిదో సెల్లు ముందు కోటుబాబు కెమెరా నిలబెట్టి, గొంతు బొంగురు చేసుకుని మొదలెట్టాడు. "ఇది కత్తెర రాక్షసుడి గది. ఒకప్పుడు టైలరు. కొలతలివ్వడానికి వచ్చిన ఏడుగురిని కత్తెరతో పొడిచి చంపాడు. ఈ గదిలోనే దిక్కులేని చావు చచ్చాడు!"

అంతసేపూ మూసిపెట్టిన తాళాలాయన నోరు తెరుచుకుంది. "బాబూ, ఎవరు చెప్పారు మీకు? ఆయన ఎవర్నీ చంపలేదు. రెండు తాన్ల గుడ్డ దొంగిలించాడు, అంతే. ఆయన కూతురు ఈ ఊళ్ళోనే ఉంది. ఈ మాట ఆమె చెవిన పడితే ఎలా ఉంటుంది చెప్పండి?"

కోటుబాబు జాలిగా చూశాడు. "తాతగారూ, గుడ్డ దొంగ దయ్యమైతే ఎవరు చూస్తారండీ?"

"ఆయన ఎలా పోయాడో నాకు తెలుసు బాబూ. నన్నడగండి, చెప్తాను."

"ఆత్మనే అడుగుతాం కదండీ, మళ్ళీ మీరెందుకు? వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చోండి."

ఇక కోటుబాబు అసలు ఘట్టానికి దిగాడు. తను ఖైదీలా లోపల పడుకుంటాడట. బయట తాళం వెయ్యాలట. ఖైదీకి కోటుండదు కాబట్టి కోటు విప్పి వణుకమ్మ చేతికిచ్చాడు. రాతి అరుగు మీద వెల్లకిలా పడుకుని నల్లదుప్పటి ముసుగేసుకున్నాడు. తాళాలాయన తాళం వేసి రెండుసార్లు లాగి చూసి, వరండా చివర హెడ్డు వార్డరు కూర్చునే పాత బల్ల దగ్గరికెళ్ళి కూలబడ్డాడు. లైట్లన్నీ ఆపేశారు.

చీకట్లో దుప్పటి కిందనుంచి కోటుబాబు గొంతు వినిపిస్తోంది. "ఎంతమందిని చంపావు? ఎలా చచ్చావు? చెప్పు! చెప్పవేం?" కాసేపు అడిగి అడిగి అతనూ ఊరుకున్నాడు. అటూ ఇటూ గబ్బిలాలు తప్ప ఎవరూ పలకలేదు.

ఊళ్ళో గడియారం రెండు కొట్టింది. దయ్యాల సంగతేమో గాని, తాళాలాయనకి ఆ క్షణాన ఒంటిమీద స్పృహ లేదు. ముప్ఫై మూడేళ్ళు ఆ గంటకి లేచిన కాళ్ళు వాటంతటవే లేచాయి. చెయ్యి టార్చి అందుకుంది. ఒక్కొక్క తాళమే రెండుసార్లు లాగుతూ వరండా వెంట నడిచాడు. తొమ్మిదో సెల్లు ముందుకొచ్చి టార్చి వేశాడు. అరుగు మీద దుప్పటి ఎత్తుగా ఉంది. తల తిప్పి గొంతెత్తాడు.

"మూడో బ్లాకు, ఒకటి, అంతా క్షేమం!"

ఆ కేక వరండాలో ఆ చివరనుంచి ఈ చివరికి మారుమోగింది. వణుకమ్మ ఈసారి వణకలేదు, కాళ్ళకి బుద్ధి చెప్పింది. గేటు దాటి వ్యాన్లో కూర్చుని తలుపు బిడాయించుకునేదాకా ఆగలేదు. లోపల కోటుబాబు పైప్రాణాలు పైనే పోయాయి. కెవ్వుమని లేవబోయి దుప్పట్లో కాళ్ళు చుట్టుకుని అరుగు మీంచి కిందపడ్డాడు. అరుపు ఆగిపోయి, దాని బదులు ఈలలాంటి చప్పుడు మొదలైంది. అతనికి ఉబ్బసం. పీల్చే మందు కోటు జేబులో ఉంది. కోటు వ్యాన్లో ఉంది.

"డాక్టర్... కోటులో మందు... డాక్టర్..." అంటున్నాడు అతను, ఊచలు పట్టుకుని.

తాళాలాయనకి అప్పుడు స్పృహొచ్చింది. వచ్చి, తను చేసిన పని అర్థమైంది. ఇరవై రెండేళ్ళ తర్వాత, ఇంత ఏడుపూ కడుపులో పెట్టుకుని, మళ్ళీ దుప్పటినే లెక్కపెట్టాడు. "అమ్మా, ఆ కోటు! కోటు పట్టుకురా!" అని సౌండావిడ మీద అరిచాడు. ఆవిడ పెట్టె అక్కడే దించి పరిగెత్తింది. చీకట్లో నూట పద్నాలుగు తాళంచెవుల్లో వేళ్ళు తడిమాయి. మొదటిది తప్పు. రెండోది పట్టింది.

లోపలికెళ్ళి అతన్ని లేపి గోడకి ఆనించి కూర్చోబెట్టి, చొక్కా గుండీలు విప్పాడు. టార్చి నేరుగా ఛాతీ మీద వేశాడు. "పైకి... కిందికి... అంతే బాబూ, నేనిక్కడే ఉన్నాను. పైకి... కిందికి..." అంటూ ఒక్కొక్క ఊపిరే లెక్కపెట్టాడు. అతను తాళాలాయన కుడిచెయ్యి నలిగిపోయేలా పట్టుకున్నాడు. సౌండావిడ కోటు తెచ్చి, మందు తీసి నోటికందించేదాకా ఆయన ఆ ఛాతీ మీంచి చూపు తిప్పలేదు. ఊపిరి దారికొచ్చాక తాళాలాయనకి ఏడుపొచ్చింది. అరవై ఏడేళ్ళ మనిషి, ఎవరో తెలియని ఇద్దరి ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఎలా చచ్చాడని అడిగారు కదా బాబూ, చెప్తాను" అన్నాడు. "కడుపునొప్పితో చచ్చాడు. డాక్టర్ని పిలవమన్నాడు, పొద్దున చూద్దామన్నాను. ఒంటిగంటకి పోయాడు. నాలుగుసార్లు ఇక్కడే నిలబడి బాగున్నాడని కేకలేశాను. వాళ్ళమ్మాయికి, నా చెయ్యి పట్టుకుని పోయాడని అబద్ధం చెప్పాను. ఈ జైల్లో దయ్యం అంటూ ఉంటే నేనే. పట్టుకుంటారో వదిలేస్తారో మీ ఇష్టం."

కోటుబాబు చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. మొహంలోకి రంగొచ్చింది. రంగుతోపాటు బుద్ధీ యథాస్థానానికి వచ్చింది. సౌండావిడ వైపు తిరిగి, "ఇందాకటి కేక రికార్డయిందా?" అన్నాడు.

"అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఈయన చెప్పింది కూడా."

"ఇది వదిలెయ్. ఆ కేక చాలు."

"ఆ కేకేసింది నేను బాబూ" అన్నాడు తాళాలాయన.

"అలా అనకండి తాతగారూ. మీరు కాదు, అది మీలోంచి వచ్చింది" అన్నాడు కోటుబాబు, ఎంతో గౌరవంగా.

తెల్లవారాక సామాను వ్యాన్లోకి ఎక్కించారు. సౌండావిడ వెనక్కొచ్చి, ఫ్లాస్కులో మిగిలిన టీ ఆయనకి పోసింది. "వాళ్ళమ్మాయికి వినిపించమంటే ఆ ముక్క నేను తీసిస్తాను బాబాయిగారూ" అంది.

"వద్దమ్మా. అది నా గొంతుతోనే చెప్పాలి" అన్నాడాయన. అని మళ్ళీ రెండువారాలు పోస్టాఫీసు చుట్టూ తిరిగాడు.

రెండువారాలకి వీడియో వచ్చింది. మొదట నెత్తురు కారుతున్న కత్తెర బొమ్మ, ఆ తర్వాత చీకట్లో తాళాలాయన కేక. మూడు రోజుల్లో తొమ్మిది లక్షలమంది చూశారట. భార్య ఫోను చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు విని, "ఏమండోయ్, ఈ దయ్యం గొంతు అచ్చం మీ గొంతులా ఉంది. ఆ రాక్షసుడెవడో మీకు దూరపు చుట్టమేమో కనుక్కోండి" అని పడీపడీ నవ్వింది. తాళాలాయన చెప్పులేసుకుని బయటికొచ్చాడు. తలుపు లాగి చూడలేదు. ఈసారి పోస్టాఫీసు వైపు తిరగలేదు.

కొట్లో ఆమె మిషను ముందు కూర్చుని ఉంది. కళ్ళజోడు వచ్చింది, చెంపల దగ్గర జుట్టు నెరిసింది. "ఏం కుట్టాలండీ?" అంది తలెత్తకుండానే. ఆయన ఉత్త చేతులతో వెళ్ళాడు. గుమ్మం పట్టుకుని నిలబడి మొదట తనెవరో చెప్పాడు. తర్వాత కడుపునొప్పి నుంచి దుప్పటి దాకా, ఒంటిగంట నుంచి అయిదున్నర దాకా, ఏదీ దాచకుండా చెప్పాడు. చెప్పినంతసేపూ మిషను ఆగే ఉంది.

"అయితే పక్కన ఎవరూ లేరా?" అంది ఆమె.

"లేరమ్మా."

ఆమె చాలాసేపు ఆయన కుడిచెయ్యి వైపు చూసింది. తర్వాత కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"మా నాన్న ఏడుగుర్ని చంపాడని వీడియో వచ్చింది చూశారా? పక్క కొట్టాయన చూపించాడు. నాకు నవ్వొచ్చింది. అది అబద్ధమని చూడగానే తెలిసిపోయింది" అంది. "మీ అబద్ధమే, ఇరవై రెండేళ్ళు తెలియలేదు."